నల్ల పుండు జాడ



అడవిలో జంతువు కనబడకపోయినా దాని జాడ కనబడుతుంది. విరిగిన రెమ్మ, తడి మట్టిలో గిట్ట గుర్తు, నలిగిన గడ్డి చూసి అది ఎటు పోయిందో మన పెద్దలు చెప్పేవారు. రోగాన్ని పట్టుకోవడం కూడా ఇలాంటి పనే. ఈ సంచికలో మన పాటల గురించి, పండుగల గురించి చాలామంది రాస్తున్నారు. మేము మాత్రం మన పశువులకూ మనకూ కలిపి వచ్చే ఒక రోగం చరిత్ర చెప్పాలనుకున్నాం. ఊళ్ళల్లో దాన్ని దొమ్మ రోగం అంటారు. ఆసుపత్రిలో ఆంత్రాక్స్ అంటారు.

ఎందుకు చెప్పాలనుకున్నామో ముందు చెబుతాం. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల తరువాత ఏడో తరగతి అమ్మాయి ఒకతె మా హాస్టల్‌కు తిరిగి వచ్చింది. మణికట్టు మీద పుండు. మధ్యలో బొగ్గులాంటి నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొప్పి లేదంది. ఏమైందని అడిగితే ముల్లు గుచ్చుకుందంది. మేము నమ్మలేదు, కోప్పడ్డాం. అది మా తప్పు. ఏఎన్ఎం వచ్చి పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పింది: చనిపోయిన మేకను కోసి ఊళ్ళో పంచుకున్నారని, తానూ చేయి వేసిందని. "చెబితే చచ్చిన మాంసం తినేవాళ్ళని అందరూ అంటారు మేడం" అంది. ఆ ఒక్క మాటతో వైద్య సిబ్బంది, పశువైద్యుడు అదే రోజు వాళ్ళ ఊరికి బయలుదేరారు. అమ్మాయికి మందులు వేశారు, కోలుకుంది. ఊరి పేరు మేము రాయడం లేదు. ఆ ఊరికి మచ్చ తేవడం మా ఉద్దేశం కాదు.

ఇక చరిత్రలోకి వద్దాం. ఆంత్రాక్స్ అనే గ్రీకు మాటకు బొగ్గు అని అర్థం. ఆ నల్లటి పెచ్చు వల్లే ఆ పేరు. 19వ శతాబ్దంలో ఐరోపాలో గొర్రెలు, ఆవులు ఈ రోగంతో మందలు మందలుగా చనిపోయేవి. వాటి తోలు ఒలిచేవారికి, ఉన్ని ఏరేవారికి కూడా రోగం వచ్చేది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కార్మికులు ఉన్నట్టుండి జ్వరం వచ్చి కొద్ది రోజుల్లోనే చనిపోయేవారు. దానికి 'ఉన్ని ఏరేవాళ్ళ జబ్బు' అనే పేరు కూడా ఉండేది. అది ఆంత్రాక్సేనని 1880 ప్రాంతంలో జాన్ హెన్రీ బెల్ అనే డాక్టరు తేల్చారు.

1850లో ఫ్రాన్స్‌లో రేయే, దవేన్ అనే ఇద్దరు వైద్యులు చనిపోయిన గొర్రె రక్తంలో సన్నటి పుల్లల్లాంటివి చూశారు. ఇవే రోగానికి కారణమని దవేన్ 1863 నుంచి వాదించాడు. కానీ ఒక చిక్కు మిగిలింది. ఆ పుల్లలు రక్తంలో ఎక్కువ రోజులు బతకవు. మరి పశువు చనిపోయి ఏళ్ళు గడిచాక కూడా అదే పొలంలో మేసిన గొర్రెలు ఎందుకు చనిపోతున్నాయి? అలాంటి పొలాలను అక్కడి రైతులు శాపం తగిలిన పొలాలు అనేవారు.

ఈ ముడి విప్పినవాడు రాబర్ట్ కోచ్. అప్పటికి ఆయన పెద్ద శాస్త్రవేత్త కాదు. జర్మన్ పాలనలో ఉన్న వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్ళో ప్రభుత్వ వైద్యుడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఎద్దు కంటిలోని నీటి బొట్టులో ఆ సూక్ష్మజీవులను పెంచి, గంటల తరబడి మైక్రోస్కోపులో చూశాడు. పుల్లలు పొడవైన దారాలయ్యాయి. ఆ దారాల్లో మెరిసే చుక్కలు పుట్టాయి. అవే మీరు బడిలో చదివిన సిద్ధబీజాలు. ఎండకు, కరువుకు విత్తనం ఎలా ఓర్చుకుంటుందో అవీ అలాగే మట్టిలో ఏళ్ళ తరబడి ఓర్చుకుంటాయి. పశువు కడుపులోకి వెళ్ళగానే మళ్ళీ మొలకెత్తుతాయి. 1876లో ఆయన దీన్ని నిరూపించి ప్రచురించాడు. ఫలానా సూక్ష్మజీవి వల్లే ఫలానా రోగం వస్తుందని ఇంత స్పష్టంగా నిరూపించడం అదే మొదలు.

అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. సిద్ధబీజాలు ఏర్పడాలంటే గాలి తగలాలి. చనిపోయిన పశువును కోయకుండా ఉంచితే లోపలి సూక్ష్మజీవులు చాలావరకు కుళ్ళులోనే నశిస్తాయి. కత్తి పెట్టి రక్తం నేల మీద పోస్తే ఆ నేలలో విత్తనం చల్లినట్టే. దొమ్మ రోగం అనుమానం ఉన్న పశువును కోయవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

తరువాత లూయీ పాశ్చర్ వచ్చాడు. ఫ్రాన్స్‌లోని చార్ట్రెస్ ప్రాంతంలో ఒక పొలంలో కొంత మేర మట్టి రంగు వేరుగా ఉండటం చూసి రైతును అడిగాడు. చనిపోయిన గొర్రెలను అక్కడ పాతిపెట్టామని రైతు చెప్పాడు. వానపాములు ఆ గోతుల్లోని బీజాలను పైకి తెస్తున్నాయని పాశ్చర్ భావించాడు. 1881 మే నెలలో పూయీ-ల-ఫోర్ అనే చోట జనమంతా చూస్తుండగా టీకా పరీక్ష పెట్టాడు. జూన్ 2న చూస్తే టీకా వేసిన గొర్రెలు నిలబడి ఉన్నాయి, వేయని గొర్రెలు చనిపోయాయి, కొన్ని ప్రాణం మీదికి వచ్చాయి. అంతకుముందు ఏడాదే తూస్సాన్ అనే పశువైద్యుడు ఇలాంటి టీకా తయారు చేశాడు. ఆయన పేరు చాలామందికి తెలియదు.

మట్టి ఎంతకాలం గుర్తుంచుకుంటుందో చెప్పే ఉదాహరణలు రెండు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బ్రిటన్ ఈ రోగాన్ని ఆయుధంగా వాడవచ్చా అని స్కాట్లాండ్ దగ్గరి గ్రూనార్డ్ దీవిలో గొర్రెల మీద పరీక్షించింది. 1986లో మందు నీళ్ళతో ఆ నేలను శుద్ధి చేశారు. 1990లో గానీ దీవి సురక్షితమని ప్రకటించలేదు.

రెండోది మనలాంటి ఆదివాసుల కథ. రష్యా ఉత్తర కొసన యమాల్ ప్రాంతంలో నెనెట్స్ ప్రజలు రెయిన్‌డీర్ మందలతో సంచరిస్తూ బతుకుతారు. అక్కడ 1941 తరువాత ఈ రోగం కనబడలేదు. ఇక రాదనుకుని 2007లో మందలకు టీకాలు ఆపేశారు. 2016 వేసవిలో ఎన్నడూ లేని ఎండలు కాశాయి. గడ్డకట్టిన నేల కరిగి, పాత బీజాలు బయటపడ్డాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. రెండు వేలకు పైగా రెయిన్‌డీర్ చనిపోయాయి. పన్నెండేళ్ళ బాలుడు చనిపోయాడు. మన హాస్టల్‌లో ఏడో తరగతి పిల్లల వయసు అది.

ఇప్పుడు మన ఏజెన్సీకి వద్దాం. విశాఖ మన్యంలో, పొరుగున ఉన్న ఒడిశాలోని కోరాపుట్‌లో ఈ రోగం మనుషులకు పలుమార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పత్రికలు 'చచ్చిన మాంసం తిన్నారు' అని రాశాయి. ఆ మేక ఆ ఇంటికి ఏడాది పొదుపు అని ఎవరూ రాయరు. దాన్ని పాతిపెట్టడం అంటే డబ్బు పాతిపెట్టినట్టే. ఇటు మనలో మనం చేసే తప్పు కూడా ఉంది. పశువులు వరుసగా చనిపోయి, మనుషులకు పుండ్లు వస్తే చిల్లంగి పెట్టారని ఎవరో ఒక ముసలమ్మ మీద వేలు చూపిస్తాం. చిల్లంగి నెపంతో ప్రాణాలు పోయిన సంగతి మీకు తెలియనిది కాదు. కోచ్ చూసిన ఆ మెరిసే చుక్కల గురించి ఊళ్ళో చెప్పగలిగితే, ఆ ముసలమ్మను కాపాడినట్టే.

అందుకే మీరు చేయవలసినవి కొన్ని చెబుతాం. పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచో, నోటి నుంచో, వెనుక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే కోయనివ్వకండి, ముట్టుకోనివ్వకండి. బాగా ఉడికిస్తే ఏమీ కాదనే మాట నమ్మకండి. కోసేటప్పుడే చేతి గీతల్లోంచి రోగం ఎక్కుతుంది. పశువైద్యశాలకు కబురు పెట్టండి. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చి, పశువులు అటు పోకుండా కంచె కట్టండి. ఆ చోటు మీ తరువాతివారికి కూడా చూపించండి. ఏటా టీకా మందు వచ్చినప్పుడు మందను దాచకండి. నొప్పి లేని నల్ల పుండు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఈ పుండుకు మామూలు యాంటీబయాటిక్ మందులే పనిచేస్తాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం చాలా అరుదు, కాబట్టి పుండు వచ్చినవారిని వెలివేయకండి.

అన్నిటికంటే ముఖ్యంగా, జరిగింది దాచకండి. ఆ రైతు గోతుల సంగతి చెప్పాడు కాబట్టే పాశ్చర్‌కు జాడ దొరికింది. మా హాస్టల్ అమ్మాయి చెప్పింది కాబట్టే ఆ ఊరికి మందులు చేరాయి. ఆమె ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు చిన్న పిల్లల చేతులు తిప్పి చూస్తుంది. పుండు కనిపిస్తే కోప్పడదు, పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుంది. మేము ఆమె దగ్గరే అది నేర్చుకున్నాం.