నెల్లూరు కవి, కన్నడ చిత్రం

‘సంస్కార’ (1970) అనగానే అనంతమూర్తి నవల, గిరీష్ కర్నాడ్ నటన గుర్తుకు వస్తాయి. ఆ చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించినవాడు నెల్లూరు మనిషి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి అని మనలో ఎందరికి తెలుసు? 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సును ధిక్కరించిన పఠాభి ఆయనే. ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958) వంటి తెలుగు చిత్రాల నిర్మాణంలోనూ ఆయన చేయి ఉంది.

చిత్రంలో చంద్రి పాత్ర ధరించినది ఆయన భార్య స్నేహలతారెడ్డి. మద్రాసు ప్లేయర్స్ నాటక సంస్థ స్థాపకుల్లో ఆమె ఒకరు. దంపతులిద్దరూ లోహియా అభిమానులు. అందుకే తమ సంస్థకు రామమనోహర చిత్ర అని పేరు పెట్టుకున్నారు. పేరున్న తారలు లేరు. శృంగేరి ప్రాంతంలో చిత్రీకరణ జరిగింది. ఛాయాగ్రాహకుడు ఆస్ట్రేలియా వాడైన టామ్ కోవన్.

ఆచారం తప్పిన బ్రాహ్మణుడు నారణప్ప చనిపోతే శవసంస్కారం ఎవరు చేయాలన్నదే కథ. అగ్రహారం ధర్మశాస్త్రాలు తిరగేస్తూ కూర్చుంటుంది. అతనితో కాపురం చేసిన చంద్రి మాత్రం తన నగలు తీసి ముందు పెడుతుంది. కులాల మధ్య కలతలు రేగుతాయని మద్రాసులోని సెన్సారువారు అనుమతి నిరాకరించారు. కేంద్ర ప్రభుత్వం దాకా వెళ్ళిన తరువాతే చిత్రం బయటపడింది. ఆ ఏటి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకున్న తొలి కన్నడ చిత్రం ఇదే. 1972లో స్విట్జర్లాండులోని లొకార్నో చిత్రోత్సవంలో కంచు చిరుత బహుమతి కూడా వచ్చింది. తారలు లేని చిన్న చిత్రానికి ప్రచారమంటే ఇలాంటి ఉత్సవాలే. పోస్టర్లు చేయలేని పని ఒక బహుమతి చేస్తుంది.

అయితే బహుమతి సినిమాను కాపాడుతుందేమో గాని మనిషిని కాపాడదు. ఎమర్జెన్సీలో, 1976 మే నెలలో, స్నేహలతను అరెస్టు చేశారు. ఉబ్బసంతో బాధపడుతూ నెలల తరబడి బెంగుళూరు జైలులో గడిపింది. 1977 జనవరిలో పెరోలుపై విడుదలైన కొద్ది రోజులకే, 20వ తేదీన, కన్నుమూసింది. పట్టాభి 2006లో బెంగుళూరులోనే మరణించారు.

తెలుగు సాహిత్య చరిత్రకు ఆయన 1939 నాటి కవి. కన్నడ సినిమా చరిత్రకు 1970 నాటి దర్శకుడు. నిజానికి ఛందస్సును ఎదిరించిన మనిషే అగ్రహారాన్నీ ప్రశ్నించాడు. మధ్యలో భాష మారింది, మనిషి మారలేదు. ఈ రెండు చరిత్రలనూ కలిపి చదవగలవారు ఎల్లకు ఇవతల, రెండు భాషల మధ్య బ్రతుకుతున్న మనమే. ఆ పని మనం చేయకపోతే మరెవరు చేస్తారు?