టైరు: చక్రం తొడుక్కున్న బట్ట

టైరు అనగానే రబ్బరు గుర్తొస్తుంది. మాట మాత్రం రబ్బరు టైరు కన్నా చాలా పాతది. వస్త్రధారణను చెప్పే ‘అటైర్’ అనే ఇంగ్లీషు మాట కుదించుకుపోయి, 15వ శతాబ్దంలోనే బండిచక్రపు ఇనుప పట్టాకు పేరైంది. తర్వాత రైలింజన్ చక్రాలూ ఉక్కు టైర్లు తొడుక్కున్నాయి.

జర్మనీలోని గోపింగెన్‌కు చెందిన మెర్‌క్లిన్ కంపెనీ వారి 1:87 నిష్పత్తి బొమ్మ రైలింజన్లలో ఈ తొడుగు మళ్లీ రబ్బరే. అక్కడ దీన్ని ‘హాఫ్ట్‌రైఫెన్’ అంటారు, అంటే అంటిపెట్టుకునే టైరు. అసలు ఇంజన్ జారితే పట్టాలపై ఇసుక చల్లుతుంది. తేలికైన బొమ్మకు ఈ సన్నని రింగే పట్టు.

రబ్బరు ఎండి పగులుతుంది, నూనె తగిలితే వదులవుతుంది. పాతదాన్ని సూదితో లాగి, చక్రం గాడిని ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది మెలిపడకుండా ఎక్కించాలి. మెలిపడితే ఇంజన్ ఎగిరెగిరి నడుస్తుంది.

అన్ని చక్రాలకూ మాత్రం తొడగరు. బొమ్మ ఇంజన్‌కూ పట్టాలకూ మధ్య కరెంటు చక్రాల గుండా పారాలి, రబ్బరు దాన్ని రానివ్వదు కదా!