చెదిరిన వెలుగు లెక్క

కాంతి పరిక్షేపణం అనగానే మన పుస్తకాలు ఒకే కథ చెబుతాయి. 1921లో ఓడ మీద వస్తూ రామన్ మధ్యధరా సముద్రపు నీలిమ చూశారు, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ (చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) దొరికింది. అంతకుముందు పరిక్షేపణాన్ని పరిశీలించిన టిండాల్, రేలీ పేర్లు రెండు వాక్యాల్లో వచ్చిపోతాయి. నడుమనున్న ఏడేళ్ల కొలతల ఊసే ఉండదు.

నా దృష్టిలో అసలు మలుపు 1923. ఆ ఏడు కలకత్తాలో రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ శుద్ధిచేసిన నీటిలోకి సూర్యకాంతిని పంపి, పక్కకు చెదిరిన వెలుగులో ధ్రువణం (పోలరైజేషన్) ఎంత తగ్గిందో కొలిచారు. రంగు గాజును కాంతి లోపలికి వెళ్లే దారిలో పెడితే ఒక అంకె, బయటికి వచ్చే దారిలో పెడితే మరో అంకె వచ్చాయి. చెదిరేటప్పుడు కాంతి రంగు మారకపోతే ఈ తేడా రాకూడదు. దాన్ని మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్) అనుకున్నారు. ఎంత శుద్ధిచేసినా అది పోలేదు. 1928 ఆరంభంలో రామన్ బృందంలోని వెంకటేశ్వరన్‌కు గ్లిజరిన్‌లో కనిపించిన ఆకుపచ్చ వెలుగుకు గట్టి ధ్రువణం ఉంది. మామూలు ప్రతిదీప్తికి అంత ఉండదు. అయితే గ్లిజరిన్ చిక్కటి ద్రవం, అందులో ప్రతిదీప్తికీ కొంత ధ్రువణం రావచ్చు. అందుకే ఆ ఒక్కదాన్నీ రుజువనలేం. పాదరస దీపం వెలుగును వర్ణపటంగా విడదీసి, కొత్త గీతలు చూశాకే సందేహం తీరింది.

ఆ కొలతల బాటను ఆంధ్రదేశానికి తెచ్చినవారు ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. 1931లో రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి ఫోటాన్ స్పిన్‌కు రుజువు చూపబోయారు. తర్వాత వాల్తేరు చేరి, 1940లో పరిక్షేపణంపై రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ద్వారానే వెలువరించారు. రక్షణ శాఖ సలహాదారుగా ఆయన్ను తలచుకుంటాం, ఈ పుస్తకాన్ని మాత్రం మరిచాం.

ఈనాడు పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లోనూ నీటిలో వెలుగు ఎంత చెదిరి తగ్గిందో ముతకగా కొలుస్తారు. నలుపు తెలుపు సెక్కీ డిస్క్‌ను నీళ్లలోకి దించి, అది కనపడకుండా పోయే లోతు చూస్తారు. 30, 40 సెంటీమీటర్లుంటే నీరు బాగుందంటారు. ఈ పద్ధతి చవక, పనికొస్తుంది కూడా. కానీ వెలుగును అడ్డుకున్నది బంకమట్టా, ప్లాంక్టనా అన్నది ఆ లోతు చెప్పదు. రెండింటికీ చేయాల్సిన వైద్యం వేరు. కాంతిని తొంభై డిగ్రీల కోణంలో కొలిచే టర్బిడిటీ మీటరూ చివరికి ఒక్క అంకెనే ఇస్తుంది. ఆ అంకె ఒక్కటే చూసి ఎరువో సున్నమో చల్లడం నాకు సమ్మతం కాదు. ముందు గాజు గ్లాసులో నీటి రంగు చూడాలి, ఒక చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టాలి.