లంగరు పట్టు – విడుపు

పడవ నీటిలో నిలవాలంటే లంగరు నేలను గట్టిగా పట్టుకోవాలి. పడవ కదలాలంటే అదే లంగరు పట్టు సులభంగా విడవాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. పట్టు ఎట్లా పెరిగిందో తెలిపే చరిత్ర ఓడల గ్రంథాలలో విరివిగా కనబడుతుంది. విడుపు కథ అంతగా చెప్పబడలేదు. పెద్ద ఓడలో లంగరు ఎత్తడానికి చేతులు అనేకం ఉంటాయి. చిన్న చేపల పడవలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. కాలికింద తడిసిన చెక్క, పక్కన లేచే అల, చేతిలో నీరు కారే మోకు. రోజంతటిలో శ్రమతోపాటు ప్రమాదం కూడా ఉన్న పని లంగరు ఎత్తడమే.

తెలుగులో వాడే ‘లంగరు’ పారశీకభాష నుండి వచ్చిన మాట. తమిళంలో దీనినే ‘నంగూరం’ అంటారు. మాట ఏదైనా, మొట్టమొదటి లంగరు తాడు కట్టిన రాయి మాత్రమే.

రాతి లంగరుల కాలాన్ని గురించి మంచి సాక్ష్యం టర్కీ దక్షిణ తీరంలో ఉలుబురున్ వద్ద దొరికింది. సుమారు క్రీ.పూ. 1300 ప్రాంతంలో మునిగిన ఒక వర్తక నౌకను అక్కడ 1984 నుండి 1994 వరకు సముద్రగర్భంలో తవ్వి పరిశోధించారు. ఆ ఒక్క నౌకలో 24 రాతి లంగరులు ఉన్నవి. వాటిలో ఎక్కువభాగం నూరు కిలోలకు పైబడినవే. ఒక నౌకకు ఇన్ని లంగరులు ఎందుకు? రాయి బండల నడుమ ఇరుక్కుంటే దానిని పైకి తీసే ఉపాయం ఆనాటివారికి దాదాపు లేదు. తాడు కోసి, లంగరును సముద్రానికి వదలి పోవలసిందే. కాబట్టి లంగరును ఖర్చయిపోయే వస్తువుగానే ఎంచేవారు. మన దేశంలో ద్వారక వద్ద కూడా 1980ల దశకంలో జరిగిన అన్వేషణలలో రంధ్రాలు గల రాతి లంగరులు బయటపడినవి.

రాతి లంగరులో ఒక భౌతిక సూత్రం దాగి ఉన్నది. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుందని ఆర్కిమిడీస్ చెప్పాడు. గ్రానైటు రాయి నీటికంటే సుమారు 2.65 రెట్లు సాంద్రమైనది. అందుచేత గాలిలో 100 కిలోలు తూగే రాయి నీటిలో సుమారు 62 కిలోలే తూగుతుంది. ఎత్తేవానికి ఇది లాభమే. కాని బరువుతోనే పడవను నిలపవలసిన లంగరుకు ఇది పెద్ద నష్టం. ఇనుము సాంద్రత నీటికి సుమారు 7.8 రెట్లు. కావున 10 కిలోల ఇనుము నీటిలో 8.7 కిలోలుగా నిలుస్తుంది. ఆ పైన, ఇనుమును కొక్కెంగా వంచవచ్చు. కొక్కెం వచ్చిన తరువాత లంగరు బరువుతోకాక, నేలలో దిగిన ముల్లుతో పట్టడం మొదలుపెట్టింది.

గ్రీకులు, రోమనులు కర్రతో చేసిన లంగరుకు సీసపు అడ్డదూలం తగిలించేవారు. నేలపై పడినప్పుడు ఒక ముల్లు తప్పక కిందికి తిరిగేటట్లు చేయడమే ఆ దూలం పని. ఇటలీలోని నెమీ సరస్సునుండి వెలికితీసిన రోమన్ నౌకలతోపాటు, అడ్డదూలాన్ని ఊడదీయడానికి వీలున్న ఇనుప లంగరు కూడా దొరికింది. అటువంటి లంగరును వాడిన పిదప మడిచి దాచుకోవచ్చు. ఎత్తేవాని సౌకర్యాన్ని ఆలోచించిన పనివాడు ఆనాడే ఉన్నాడన్నమాట.

ఓడలు పెద్దవైన కొద్దీ లంగరులు మనుషుల చేతులకు మించిపోయినవి. అప్పుడు కాప్‌స్టన్ ముందుకు వచ్చింది. ఇది నిలువుగా నిలిపిన పెద్ద పీపావంటి ఇరుసు. దాని తలలో కర్రలు దూర్చి, మనుషులు చుట్టూ తిరుగుతూ తోస్తారు. ఇరుసు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, కర్ర పొడవు కేంద్రంనుండి 60 సెంటీమీటర్లు అయితే, ఘర్షణను లెక్కించకపోతే, ఒకని బలం ఆరు రెట్లవుతుంది. 1618లో మరణించిన సర్ వాల్టర్ రాలీ, తన కాలపు ఇంగ్లీషు ఓడలకు వచ్చిన కొత్త మార్పులలో కాప్‌స్టన్‌తో లంగరు ఎత్తడాన్ని ఒకటిగా పేర్కొన్నాడు. పెద్ద ఓడల మోకు మరీ లావై కాప్‌స్టన్‌కు చుట్టుకొనేది కాదు. అందుచేత సన్నని మరొక తాడును కాప్‌స్టన్‌కు చుట్టి, దానిని లావు మోకుకు చిన్న చిన్న పురులతో కట్టి లాగేవారు. మోకు లోపలికి వచ్చిన కొద్దీ కుర్రవాళ్లు ఆ పురులను విప్పుతూ, మళ్లీ ముందుకు పరుగెత్తేవారు.

కాప్‌స్టన్‌కు మూడు చుట్లు చుట్టిన తాడు జారదెందుకు? ఈ ఘర్షణ లెక్కను 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితజ్ఞుడు తేల్చాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకొంటే, ఒక చుట్టు చేతి బలాన్ని సుమారు 6½ రెట్లు, రెండు చుట్లు 43 రెట్లు, మూడు చుట్లు 285 రెట్ల బరువును జారకుండా ఆపుతాయి. ప్రతి చుట్టుకూ బలం కూడదు, హెచ్చవేయబడుతుంది. తరగతిలో ఒక రూళ్లకర్రకు నూలుదారం చుట్టి, ఒక చివర బరువు కట్టి, విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చు. చిన్న పడవవాడు మోకును కొయ్యకు రెండుసార్లు చుట్టి పట్టుకొనడంలో ఉన్న నేర్పు ఇదే.

చిన్న పడవకు కాప్‌స్టన్ పెట్టే చోటు లేదు. అందుచేత జాలరులు యంత్రంకన్న యుక్తిని ఆశ్రయించారు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో కర్రల చట్రంలో రాయి బిగించిన లంగరును వాడేవారు. ఇరుక్కుపోయినా అది పెద్ద నష్టం కాదు. ఇనుప లంగరు గలవారు ముళ్లు కలిసే మొదట్లో మరొక సన్నని తాడు కట్టి, దాని పై కొనను బెండుకు తగిలించి వదిలేవారు. లంగరు బండలో చిక్కుకుంటే ఈ తాడుతో వెనుకనుండి లాగగా, ముల్లు దిగిన దారినే తిరిగి వస్తుంది. ఇంతకన్న సులభమైన పద్ధతి మరొకటి కలదు. అసలు మోకునే ముళ్ల మొదట్లో ముడివేసి, కాడ చివర కడియానికి మాత్రం బలహీనమైన పురితో కట్టుతారు. మామూలు లాగుడుకు పురి నిలుస్తుంది. నిట్టనిలువుగా గట్టిగా లాగినప్పుడు అది తెగి, లంగరు తలకిందులై ఊడివస్తుంది. అయితే గాలివానలో ఆ పురి తెగితే పడవ కొట్టుకుపోతుంది. కావున మనిషి మెలకువగా ఉండి చేపలు పట్టే వేళకే ఈ పద్ధతి తగినది.

19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బ్రిటిష్ నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్ కృషివలన, జనపమోకు స్థానంలో ఇనుపగొలుసు ప్రవేశించింది. గొలుసు బండకు ఒరుసుకున్నా తెగదు. దాని బరువువలన లాగుడు నేలకు సమాంతరంగా ఉంటుంది. కాని ఎత్తేవానికి గొలుసు బరువు అదనం. ఈ చిక్కును మరొక వైపునుండి విప్పినవాడు కేంబ్రిడ్జి భౌతికశాస్త్రజ్ఞుడు జాఫ్రీ ఇంగ్రామ్ టేలర్. ప్రవాహి గతిశాస్త్రంలో ప్రసిద్ధుడైన టేలర్ చిన్న తెరచాప పడవలో దూర సముద్రయానాలు చేసినవాడు కూడా. కొద్దిమంది ఉన్న పడవకు బరువైన లంగరు భారమని ఎరిగి, 1933లో నాగలికర్రు ఆకారంలో ఒక లంగరును రూపొందించాడు. దున్నేటప్పుడు నాగలి నేలలోకి దిగినట్లే, లాగిన కొద్దీ ఇది లోతుకు దిగుతుంది. దానిని నిలిపేది ఇనుము బరువు కాదు, మట్టి నిరోధమే. లంగరు ఎత్తే కష్టానికి అసలైన విరుగుడు దాని బరువు తగ్గించడమే గదా! తరువాత అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ పలుచని రెక్కల లంగరును తయారుచేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులను ఒడ్డున దింపే నౌకలు దీనిని వెనుకవైపు జారవిడిచి ఇసుక ఎక్కేవి. పని ముగిసిన పిదప ఆ మోకునే లాగుకొని వెనుకకు వచ్చేవి.

మోటారు పడవలు వ్యాపించిన తరువాత చిన్న పడవవారికి మరొక మార్గం లభించింది. మోకు చుట్టూ కదిలే ఒక కడియానికి గాలి నింపిన పెద్ద బెండును తగిలిస్తారు. పడవ లంగరును దాటి, కొంచెం పక్కగా, మెల్లగా ముందుకు సాగుతుంది. నీటి ఒత్తిడివల్ల బెండు వెనుకబడి మోకుమీద జారుతూ లంగరుకు పైగా చేరుతుంది. అప్పుడు ఆ కడియం కప్పీవలె పనిచేస్తుంది. పడవ ముందుకు పోయిన కొద్దీ లంగరు పైకి లేచి బెండు కింద వేలాడుతుంది. 30 లీటర్ల బెండు తన బరువు పోను దాదాపు 30 కిలోలను మోయగలదు. 10 కిలోల లంగరుకూ కొద్ది గొలుసుకూ అది చాలును. ఎత్తేది ఆర్కిమిడీస్ సూత్రం, లాగేది మోటారు. మనిషి చేయవలసినది మోకును అడ్డంగా చేదుకొనడమే.

అయితే ఏ పద్ధతినీ అన్ని చోట్లా శ్రేష్ఠమని చెప్పడానికి వీలు లేదు. అడుగు మెత్తని ఇసుక, లోతు కొద్దిమీటర్లు అయితే, పడవను లంగరుకు సూటిగా పైకి తెచ్చి చేతితో లాగడమే చాలు. లోతు ఎక్కువ, మనుషులు తక్కువ అయితే బెండు మేలు. కాని మోకు మోటారు రెక్కలకు చుట్టుకోకుండా చూడాలి. అడుగు బండలైతే ముళ్ల మొదటి తాడు ముందే కట్టి ఉండాలి. ఇరుక్కున్న లంగరును బెండు విడిపించలేదు. తరచుగా లంగరు వేసే కొంచెం పెద్ద పడవకు పంటిచక్రం గల చిన్న విండ్‌లాస్ తగినది. దాని నాలుక పంటిలో పడి, అలసిన చేతికి విశ్రాంతినిస్తుంది.

అన్ని పద్ధతులకూ వర్తించే నియమం ఒకటి ఉన్నది. లాగుడు ఎల్లప్పుడు పడవ ముందు భాగంనుండే జరగాలి. మోటారు బరువుతో వెనుక భాగం ఇదివరకే నీటికి దగ్గరగా ఉంటుంది. అక్కడ కట్టి లాగితే అల లోపలికి దూకి పడవ మునుగుతుంది. ముందు కట్టినా అలలు పెద్దవైతే ప్రమాదమే. అల ముక్కును లేపినప్పుడు, పడవ అదనంగా తొలగించే ప్రతి 100 లీటర్ల నీటికీ 100 కిలోల బలం మోకుపై పడుతుంది. ఆ బలమే ఒక్కొక్కసారి లంగరును ఊడబెరుకుతుంది, ఒక్కొక్కసారి పడవ ముక్కును నీటిలోకి లాగుతుంది. అందుచేత చిన్న పడవలో మోకు పక్కన పదునైన కత్తి ఉండవలసినదే. మూడువేల మూడువందల ఏండ్ల కింద ఉలుబురున్ నావికుడు ఎరిగిన సత్యం నేటికీ మారలేదు: లంగరు పోతే మరొకటి దొరుకుతుంది, పడవ పోతే మనిషికి తిరిగివచ్చే దారి లేదు.