పేలుడుకు దారి విడిచిన బండి



మన అనంతపురపు మెట్టసీమలో బావి త్రవ్వుట యనగా రాతితో పోరాడుట. మా తాతగారు బావి త్రవ్వించినపుడు నేను దరిని నిలిచి చూచితిని. పనివారు బండకు కన్నము తొలిచి, మందు పోసి, పైన మట్టిని గట్టిగా దట్టించి, వత్తి నంటించెడివారు. మట్టి వదులైనచో మందు కన్నపు మూతినుండియే వెడలిపోవును, బండ పగులదు. పేలుడెప్పుడును సులువైన దారినే వెదకును. బావివాడు ఆ దారి మూసి బండను పగులగొట్టును. ఆ దారినే తెరచి బండిలోని మనుష్యులను కాపాడినవారి చరిత్ర నేడు మనవి చేసెదను.

1997 నవంబరు 19న హైదరాబాదు జూబిలీహిల్సులో, మన జిల్లా శాసనసభ్యుడు పరిటాల రవీంద్రకు గురిపెట్టి, దారిప్రక్క నిలిపిన కారులో బాంబు పేల్చిరి. ఆయన గాయములతో బ్రదికెను; 20 మందికి పైగా ఇతరులు మరణించిరి. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరికడ నక్సలైట్లు నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కారుపై మందుపాతరలు పేల్చిరి. తుపాకిగుండ్లకు తాళు కారగుటచే ప్రాణము దక్కెను. ఎముకలు మాత్రము విరిగెను.

గుండు వేరు, పేలుడు వేరు. గుండును ఇనుపరేకు ఆపగలదు. బండిక్రింద మందుపాతర పేలినచో అడుగుభాగము పైకి తన్నును. లోనివారి కాళ్లు, వెన్నెముక విరుగును. తల పైకప్పుకు కొట్టుకొనును.

1970 దశకమున రొడీషియా, దక్షిణ ఆఫ్రికా దేశములలో ఈ బాధ మిక్కుటమయ్యెను. అచ్చటి యంత్రశిల్పులు బండి అడుగును చదునుగా గాక, నాగలికర్రువలె క్రిందికి మొనదేల్చి, నేలనుండి ఎత్తుగా నిలిపిరి. పేలుడు ఆ వాలుగోడలను తాకి ఇరుప్రక్కలకు జారును. చక్రములు ఊడినను లోనిగది నిలుచును. ఆసనములకు నడుముపట్టీలు కూడ అమర్చిరి. దక్షిణ ఆఫ్రికావారి కాస్పిర్ అట్టి బండియే. 1984లో ఎద్దుమైలారమున వెలసిన మెదక్ ఆయుధ కర్మాగారమును, ఆ పద్ధతినే మందుపాతరలకు తాళు బండ్లను నిర్మించినది.

అయినను రక్షకు హద్దు కలదు. 2005 సెప్టెంబరులో ఛత్తీసుగఢములోని బీజాపురప్రాంతమున అట్టి బండియే పెనుపాతరకు ఎగిరిపడి, 20 మందికి పైగా జవానులు మడిసిరి. మందు మితిమీరినచో ఏ వాలును చాలదు.

మన పల్లెల బిడ్డలెందరో పోలీసు దళములలోను, సైన్యములోను కలరు. సెలవుకు వచ్చినపుడు వారిని ఒక్కమాట అడుగుడు: "నాయనా, బండి యెక్కగానే పట్టీ కట్టుకొనుచున్నావా?" శిల్పి పేలుడుకు దారి విడువగలడు, ఆ కుదుపులో మనిషిని ఆసనమున నిలుపునది ఆ పట్టీయే.