బండికి ఆయాసం

మా అమ్మకు ఆయాసం వస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతాం. మొన్నామధ్య మా నాన్నగారి కారుకు ఆయాసం వచ్చింది. నవ్వకండి, ఆ మాట నాది కాదు. చిత్తూరులో మా బండి చూసిన మేస్త్రీది.

నాన్నగారు రిటైరైన డబ్బుతో కొన్న డీజిల్ కారది. పాతికేళ్ల నాటి టర్బో బండి. కంపెనీ పేరెందుకులెండి. ఆయన పోయాక తమ్ముడు అమ్మేద్దామంటాడు, అమ్మ వద్దంటుంది, మధ్యన నేను. పలమనేరులో పెళ్లికని బయల్దేరితే మొగిలి ఘాటు ఎక్కేసరికి బండి నీరసించింది. వెనక నల్లటి పొగ, ముందు సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. లారీలు సైతం మమ్మల్ని దాటిపోయాయి. మర్నాడు తాళం తిప్పితే స్టార్టు కావడానికీ మొరాయించింది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, "టర్బో పోయింది, బ్యాటరీ కూడా మార్చాలి" అన్నారు. ఆ అంకె వినగానే తమ్ముడు పాత ఇనుము కొట్టు మాటెత్తాడు. అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అసలీ టర్బో ఏమిటా అని చదవడం మొదలుపెట్టాను. బి.ఏ. చదివినదానికి ఇంజన్ల గొడవెందుకంటారా? నవలకంటే రంజుగా ఉంది సుమండీ!

ఇంజనూ మన కట్టెల పొయ్యిలాంటిదే. గాలి చాలకపోతే మంట తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. అలాంటప్పుడు మన బామ్మలు ఊదుగొట్టం అందుకునేవారు. ఇంజన్‌కి ఊదుగొట్టం తగిలించాలని తలపెట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ బూచీ అనే స్విస్ ఇంజనీరు. 1905లో పేటెంటు కోరాడు. వృథాగా బయటికి పోయే వేడి పొగ చేతనే ఒక చక్రం తిప్పించాలి, అదే ఇరుసుకున్న రెండో చక్రం లోపలికి గాలి ఊదాలి. పొయ్యిలోంచి వచ్చిన పొగే వెనక్కి తిరిగి పొయ్యి ఊదిపెట్టినట్టు!

కొండెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. మనకూ ఆయాసం, ఇంజనుకూ ఆయాసం. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు పైక్స్ పీక్ అనే 14 వేల అడుగుల కొండమీదికి విమానం ఇంజన్‌ని చేరవేసి, టర్బో తగిలించి, అంత ఎత్తున కూడా దాని జోరు తగ్గదని నిరూపించాడు. కొండల సంగతి మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా! తిరుమలకు ఘాటు రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కాలినడక, లేదంటే డోలీ. ఆనాటి బస్సులు ఏ ఊదుగొట్టమూ లేకుండా, సొంత ఊపిరితోనే ఎక్కాలి మరి.

టర్బో కార్లు బజారుకొచ్చింది 1962లో, అమెరికాలో. వాటిలో ఓల్డ్స్‌మొబైల్ వారి జెట్‌ఫైర్ ఒకటి. గాలి ఎక్కువగా కూరితే పెట్రోలు అదుపుతప్పి అంటుకుని ఇంజన్ టకటక కొట్టుకుంటుంది. విరుగుడుగా నీళ్లూ మిథైల్ ఆల్కహాలూ కలిపిన ద్రవాన్ని చిన్న టాంకులోంచి చిలకరించే ఏర్పాటు చేశారు. ఆ టాంకు నింపడం చాలామంది మర్చిపోయేవారు. అది ఖాళీ అయితే ఇంజన్ పాడవకుండా టర్బో జోరు దానంతటదే తగ్గిపోయేది. సొంతదారులేమో బండి చెడిపోయిందనుకునేవారు. చివరికి ఎన్నో బళ్లకు టర్బోనే పీకేయించారు. ఆ మోడలు 1963తో సరి. జబ్బు ఒకచోట, కోత మరోచోట!

ఇది చదివాక నాకు అనుమానం పట్టుకుంది. మన బండికీ కోత అనవసరమేమో? పక్కింటివారు చెప్పిన ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆడమనిషి బండి తెస్తే బిల్లు రెండింతలు చేస్తారన్న భయం నాకు లేకపోలేదు.

ఆయన ముందు బ్యాటరీ కొలిచాడు. అది నిక్షేపంలా ఉంది. స్టార్టు చేయిస్తూ, బ్యాటరీ మైనస్ కొసకీ ఇంజన్ ఒంటికీ మధ్య మీటరు పెట్టాడు. పావు వోల్టో, అర వోల్టో ఉండాల్సినచోట వోల్టు పైనే చూపించింది. ఎర్తు వైరు విప్పితే మన ఇత్తడి బిందెకు పట్టినట్టు పచ్చటి కిలుము! గీకి, తుడిచి బిగించాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

తర్వాత టర్బో నుంచి ఇంజనుకు గాలి మోసుకెళ్లే గొట్టాల దారిని రెండు కొసలా మూసి, లోపలికి మెల్లగా గాలి పట్టించి, పైన సబ్బునీళ్లు రాశాడు. సైకిలు ట్యూబుకి పంక్చరు వెతికినట్టే. ఒక రబ్బరు గొట్టం అడుగున బుడబుడమని బుడగలొచ్చాయి.

"టర్బో ఊదతానే ఉండాదిమా. ఆ గాలి ఇంజనుకు చేరకుండా ఈడ పోతా ఉండాది. ఆయాసం రాక ఏమొస్తాది?" అన్నాడు.

గొట్టం మార్చేముందు టర్బో చక్రాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. "ఇంతేండ్లకి గూడా ఆట లేదుమా. తోలినాయన బండి ఆపే ముందర ఓ నిమిషం ఇంజన్ని ఊరికే ఆడనిచ్చేవాడా?"

నాకు నోట మాట రాలేదు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, పొగ వేడికి కాగిపోతుంది. కొండెక్కి వచ్చి టక్కున ఇంజన్ కట్టేస్తే దానికి అందే నూనె ఆగిపోయి, అక్కడే మాడి గట్టిపడుతుంది. నాన్నగారు రోజూ ఇల్లు చేరాక కాసేపు కారులోనే కూర్చునేవారు. "లోపలికొస్తే మా మొహాలు చూడాలనా? కాఫీ చల్లారిపోతోంది" అని అమ్మ రోజూ సాధించేది. ఆయన నవ్వేసేవారే గాని కారణం చెప్పేవారు కాదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ ముక్క నాకు చెబితే ఏం? ఓ నిమిషం ఆగి కాఫీ కలిపేదాన్ని కదా" అంది చివరికి.

బండి అమ్మే మాట తమ్ముడు మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం కారు వచ్చి వాకిట్లో ఆగితే, ఇంజన్ చప్పుడు ఆగేదాకా చూసి, అప్పుడు పాలు పొయ్యి మీద పెడుతోంది అమ్మ.