చెవిలోని గాలి, చెవి పలికే ధ్వని

విలియం హైడ్ వొలాస్టన్ 1820వ సంవత్సరములో లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినాడు. పల్లాడియము, రోడియము అనే లోహాలను కనిపెట్టిన రసాయన శాస్త్రజ్ఞుడే ఈయన. చదివినది మాత్రము వైద్యము. కొన్ని ధ్వనులు కొందరి చెవులకు ఎందుకు వినబడవు అనేదే వ్యాస విషయము. అందులోని ఒక ప్రయోగానికి పరికరమేమీ అక్కరలేదు. ఆయన నోరు, ముక్కు మూసుకొని, ఊపిరి పీల్చబోయినట్లుగా రొమ్మును విప్పార్చినాడు. చెవి లోపలి గాలి కొంత గొంతులోనికి దిగిపోయినది. ఆ స్థితిలో బల్లను గోటితో తట్టితే పైకి టక్కుమనే సన్నని శబ్దము మాత్రమే వినబడినది. బల్ల అంతా కలిసి పలికే బొంగురు నాదము బొత్తిగా వినబడలేదు. బండి చప్పుడు విన్నా అంతే. దాని గడగడ మాయమై, గొలుసుల గలగల మిగిలినది.

ఎందుకిట్లా జరిగినది? కర్ణభేరికి వెనుక గాలితో నిండిన చిన్న గది ఉన్నది. అదే మధ్యకర్ణము. సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాలలో ఉండే మూడు బుల్లి ఎముకలు భేరి కంపనాలను అక్కడినుంచి అంతరకర్ణానికి అందిస్తాయి. ఈ గదికి బయటిగాలితో సంబంధము గొంతులోనికి తెరచుకొనే ఒక్క నాళము ద్వారానే. 16వ శతాబ్దములో దానిని వర్ణించిన ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు యూస్టాకి పేరే దానికి నిలిచినది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు ఈ నాళము తెరచుకొంటుంది. జలుబు చేసి అది మూసుకొనిపోతే లోపలి గాలిని చుట్టూ ఉన్న పొరలు క్రమంగా పీల్చుకొంటాయి, పీడనము తగ్గుతుంది, బయటి గాలి భేరిని లోనికి నెడుతుంది. భేరి బిగిసిపోతుంది. బిగువు అనేది నిదానమైన కంపనాలకే ఎక్కువ అడ్డు. అందుకే మంద్రధ్వనులు ముందుగా పోతాయి.

అయితే సూది గుచ్చకుండా ఆ గదిలోని పీడనాన్ని కొలవటము ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానము కోపెన్‌హాగన్ నగరములో దొరికినది. భేరి ఎంత ధ్వనిని లోనికి పోనిస్తున్నది, ఎంత తిప్పికొడుతున్నది అనే కొలతను 1946లో ఒట్టో మెట్జ్ రోగుల పరీక్షకు వాడినాడు. 1959లో టెర్కిల్డ్‌సెన్, థామ్‌సెన్ అనేవారు ఇంకొక మెట్టు ఎక్కినారు. చెవి రంధ్రాన్ని బిరడాతో మూసి, లోపలి గాలి పీడనాన్ని పెంచుతూ, తగ్గిస్తూ అదే కొలత తీసినారు. భేరికి రెండువైపులా పీడనము సమానమైనచోట ధ్వని అత్యధికంగా లోనికి పోతుంది. కనుక ఆ శిఖరము ఏ పీడనము వద్ద వచ్చినదో చూస్తే చాలు, మధ్యకర్ణ పీడనము తెలిసినట్లే. ఇంత తేలికైన ఉపాయము!

ఇంతవరకు చెవి వినేదే గాని పలికేది కాదు. అది పలకవచ్చునని 1948లో థామస్ గోల్డ్ ఊహించినాడు. విశ్వము ఎప్పుడూ ఒకే తీరున ఉంటుందనే సిద్ధాంతాన్ని బాండీ, హాయిల్‌లతో పాటు అదే ఏడాది ప్రతిపాదించినవాడు ఈయనే. ఆ సిద్ధాంతము నిలువలేదు, చెవి మాట నిలిచినది. కాని దానికి ముప్పది ఏండ్లు పట్టినది. 1978లో లండనులో డేవిడ్ కెంప్ చెవిలోనికి టిక్కుమనే చిన్న శబ్దము పంపి, అతిసున్నితమైన మైక్రోఫోనుతో ఆలకించినాడు. ఒక సెకనులో వెయ్యవ వంతులు కొన్ని గడచిన తరువాత చెవిలోనుంచి సన్నని ప్రతిధ్వని వచ్చినది. భేరికి తగిలి తిరిగివచ్చిన శబ్దమైతే అంత ఆలస్యము కానక్కరలేదు. అంతరకర్ణము దెబ్బతిన్న చెవులలో అది రానేలేదు. అంతరకర్ణములోని బయటివరుసల రోమకణాలు కుంచించుకొంటూ సాగుతూ ధ్వనికి బలము చేకూరుస్తాయని 1985లో బ్రౌనెల్ బృందము ప్రకటించినది. ఆ పనిలో పొరలి బయటకు వచ్చేదే ఈ ప్రతిధ్వని.

మాట రాని పసికందును నీకు వినబడుతున్నదా అని అడగలేము గదా! నిద్రపోతున్న శిశువు చెవినైనా ఈ పద్ధతిని పరీక్షించవచ్చు. అందుకే అనేక దేశాలలో పుట్టిన పిల్లలకు ఇది జరుపుతున్నారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. కొలవదలచినది అంతరకర్ణాన్ని, దారి మాత్రము మధ్యకర్ణము గుండా. అదీ రెండుసార్లు. టిక్కు లోనికి పోయేటప్పుడు ఒకసారి, ప్రతిధ్వని వెలుపలికి వచ్చేటప్పుడు మరొకసారి. అసలే సన్ననిదైన ఆ ప్రతిధ్వని, భేరి బిగిసి ఉంటే గది చప్పుళ్ళలో కలిసిపోతుంది. 1992లో మార్గోలిస్ మొదలైనవారు ఆరోగ్యవంతుల చెవి రంధ్రములో పీడనాన్ని కావాలనే మార్చి చూచినారు. ప్రతిధ్వని బలహీనపడినది, ముఖ్యంగా మంద్రస్థాయిలో. వొలాస్టన్ బల్ల దగ్గర విన్నదానికి ఇది సరిపోతున్నది.

అంటే ప్రతిధ్వని రానంత మాత్రాన శిశువుకు చెవుడని చెప్పరాదు. పుట్టిన తొలిదినాలలో మధ్యకర్ణములో ద్రవము మిగిలి ఉండటము సాధారణము. ఆ సంగతి చూడకుండా తల్లికి చెవుడు మాట చెప్పటము ఎంత తప్పో, ద్రవమేలే అని తిరిగి పరీక్షించక వదలటము అంతకంటె పెద్ద తప్పు. మాట నేర్చుకొనే కాలము తిరిగిరాదు. పెద్ద పిల్లలలో పీడనము మాత్రమే తగ్గి ఉంటే ఉపాయము ఉన్నది. ముందుగా శిఖరపు పీడనము కొలిచి, చెవి రంధ్రములోను అంతే పీడనము ఉంచి పరీక్ష జరుపుతారు. భేరి తన స్థానానికి చేరుకొంటుంది. అణగి ఉన్న ప్రతిధ్వని చాలామందిలో బలము పుంజుకొని మైక్రోఫోనుకు అందుతుంది.